అద్దం మీద బొట్టు

పాలకొల్లు,
నవంబరు 22.

చిరంజీవి సాయిప్రసన్నకి నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం, ఆకాశమే బాగాలేదు. నువ్వు బెంగళూరు హాస్టల్లో వేళకి తింటున్నావని తలుస్తాను.

టెలిస్కోపులో చూసినదాన్ని బొమ్మ గీసి పంపలేదేమని కిందటి ఉత్తరంలో అడిగావు. ఏం గీయనమ్మా? కాగితం మీద ఖాళీ సున్నా గీసి కవరులో పెట్టాను చూడు, అదే నా పన్నెండు రాత్రుల సంపాదన. పెగాసస్ నక్షత్రమండలంలో నువ్వు చెప్పిన చోటే జోన్స్ వన్ కోసం మెడ పట్టేసేదాకా వెతికాను. చచ్చిపోయే నక్షత్రం వదిలిన వాయువు, పల్చటి వలయంలా కనిపిస్తుందన్నావు. వలయమూ లేదు, నా మొహమూ లేదు. ఆ వాయువు వెలుగుని మాత్రమే రానిచ్చే ఓ-త్రీ ఫిల్టర్ పెట్టావా అన్నావు, పెట్టాను. సూటిగా కాక ఓరగా చూశావా అన్నావు, చూశాను.

రొయ్యల చెరువుల లైట్లని తిట్టాను, మంచుని తిట్టాను. పక్కింటి దొరబాబు గారిని మెట్ల లైటు ఆపమని అడిగి మాట కూడా పడ్డాను. "మీ చుక్కలెక్కడికీ పోవండి. మా అమ్మగారు మెట్ల మీంచి పడితే మీరొచ్చి లేపుతారేంటండి?" అన్నారు. విసుగెత్తిపోయింది.

ఇవన్నీ సాకులు తల్లీ. నిజం రాయబోయి మూడు కాగితాలు చింపాను.

దసరాకి కొట్లో తక్కెడకీ, షట్టరుకీ, స్కూటరుకీ బొట్లు పెట్టి, డాబా మీద మన టెలిస్కోపుకీ పెట్టాను. గొట్టానికి పెట్టి ఊరుకోవాల్సింది. రెండేళ్లు మనిద్దరం చేత్తో అరగదీసిన పదహారంగుళాల అద్దం కదా, దానికి పెట్టకపోతే ఎలా అనిపించింది. మర్నాడు తుడిస్తే మరక పోలేదు. ముప్పయ్యేళ్లుగా ఇత్తడి బిందెలు అమ్ముకునేవాణ్ని, కొట్లోంచి తోముడు పొడి తెచ్చి రుద్దేశాను. అరచేతంత మేర అద్దం మీది మెరుపు పూత లేచిపోయింది. వీడియోలో నీకు చూపించింది అదొక్కటే. మిగతా అద్దం నిండా సన్నగీతలు.

ఇదేంటి నాన్నా అని నువ్వడిగితే, "మీ అమ్మ తోమినట్టుంది" అన్నాను. భయంతో అనేశాను. నువ్వు అమ్మని నానా మాటలూ అన్నావు, నెల దాటినా ఆవిడ చేస్తే నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఒక్కసారి ఆ వలయం కనిపిస్తే అద్దం బాగానే ఉన్నట్టు, నేను నిజం చెప్పక్కర్లేనట్టు అనుకున్నాను. అందుకే ఆ పన్నెండు రాత్రులూ. నాకు సిగ్గుగా ఉంది.

నిన్న "రాసేస్తాను నాగరత్నం" అన్నాను.

"వద్దులెండి," అంది మీ అమ్మ. "అమ్మ మీద కోపం ఎన్నాళ్లుంటుందండి? మీ మీద కోపమొస్తే దానికి మీతో కలిసి చుక్కలు చూడబుద్ధి కాదు. అది నేను చూడలేను."

మొదటి రోజు నుంచే ఆవిడకి అంతా తెలుసు. కొట్లో పొడి డబ్బా కనిపించకపోతే వెతుక్కుంటూ డాబా మీదకొచ్చి, నేను అద్దం రుద్దడం చూసి, అలాగే వెనక్కి దిగిపోయిందట.

నన్ను ఎంత తిడతావో తిట్టు. ముందు అమ్మకి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అమ్మ ముందు తలెత్తలేని
నాన్న,
కుక్కుటేశ్వరరావు