స్పీకరులో మన ఢావ్లో

తొర్రూరు,
సెప్టెంబరు 2011

యాడీ, సమ్మె అని బెంగపడకు, నేను క్షేమం. తండాలో సిగ్నల్ లేదని కార్డు రాస్తున్నాను, తమ్ముడు సుభాష్ చదివి వినిపిస్తాడు.

బందులతో గిరాకీ లేక, దసరాకు నా సెల్ దుకాణం ఎత్తేసి వస్తానన్నాను కదా. ఇప్పుడు ఎత్తెయ్యను. మొన్న కొత్త స్పీకరు ఎట్లా పలుకుతుందో చూద్దామని, చెల్లె సుజాతను అత్తగారింటికి పంపేటప్పుడు మీ తల్లీబిడ్డలు పట్టుకొని ఏడుస్తూ పాడితే నేను సెల్లులో రికార్డు చేసుకున్న ఢావ్లో పెట్టాను. బస్టాండులో ఉన్న మన లంబాడీ పెద్దమ్మ ఒకామె, నిజంగానే పెళ్లికూతుర్ని పంపుతున్నారనుకొని ఉరికొచ్చింది. పిల్ల కనబడకపోయినా స్పీకరు మీద చెయ్యేసి తానూ గొంతు కలిపింది.

"ఢావ్లో ఇన్నంక పిల్లను ఒక్కదాన్నే ఏడ్వనిస్తమా కొడుకా? నా సెల్లుల గూడ ఎక్కియ్యి," అన్నది.

చూసినవాళ్లూ అడిగారు. సాయంత్రానికి పాట ఎక్కించి ఇచ్చే మెమరీ చిప్పులన్నీ అయిపోయాయి. ఉద్యమం పాటలు అన్ని దుకాణాల్లో ఉన్నాయి, మన పాటలు ఎక్కడా లేవు. తీజ్ పండుగ పాటలు ఎవరికి వచ్చో కమ్లీ అత్తను అడుగు, వచ్చి రికార్డు చేసుకుంటాను. మక్కలు ఎండినయా? మేక ఈనిందా?

చిప్పుకే పైసలు తీసుకున్నాను, పాటకు కాదు. అయినా నీ ఏడుపును నిన్ను అడగకుండా పంచాను. వద్దంటే నా దగ్గర తీసేస్తాను. ఆ పెద్దమ్మ దగ్గర మాత్రం తియ్యలేను.

నీ కాళ్లకు దండం.
హరిలాల్