పిడికెడు బియ్యం కుండ

గజపతినగరం,
16-8-1967

అన్నయ్యకు చెల్లెలి వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

స్త్రీల సమాజానికి ఈసారి నన్ను పెద్దగా ఉండమంటున్నారు. నాకు చేతకాదని మా పాస్టరుగారికి నువ్వొక ముక్క రాయాలి. నువ్వూ సంఘం నడిపేవాడివి కనక నీ మాట వింటారు. కారణం నీకు మాత్రమే చెబుతున్నాను.

వండే ముందు దేవుడికని పిడికెడు బియ్యం తీసి వేసే కుండ, అమ్మ ఇచ్చిందే ఇంకా వాడుతున్నాను. శుక్రవారం మా వెనక పాకలో ఒంటరిగా ఉండే జగ్గమ్మ వచ్చింది. వానల్లేక ఆమెకి కూలి దొరకడం లేదు.

"మూడు దినాలై గెంజి తాగనేదమ్మా. గుప్పెడు నూకలుంటే ఎయ్యండి" అంది.

మా డబ్బాలో ఒక్క పూటకే ఉన్నాయి. కుండ నిండుగా ఉంది. ఆమె అటు చూసింది.

"అవి దేవుడివి జగ్గమ్మా" అన్నాను.

"దేవుడివా? అయితే ఒద్దులే తల్లీ" అని కుండకి దండం పెట్టి వెళ్ళిపోయింది.

నెలనెలా లాగే ఆదివారం అందరం కుండలు చర్చికి తీసుకెళ్ళాం. ఈ నెల బియ్యం అమ్మకుండా ఆకలితో ఉన్నవాళ్ళకి పంచమన్నారు పాస్టరుగారు. నా కుండ నాకే ఇచ్చారు. నేరుగా జగ్గమ్మ పాకకి వెళ్ళాను. బయట పాడె కడుతున్నారు.

"నోట్లో ఎయ్యడానికి బియ్యం తెచ్చినారా అమ్మా? దానికి ఎవులూ నేరు, మీరే ఎయ్యండి" అంది ఒకావిడ.

పిడికెడు తీసి వేశాను.

ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి అంట్లు తోముకున్నాను.

ఇప్పుడు ఎసరు మరుగుతోంది. అలవాటు కొద్దీ పిడికెడు తీశాను. ఎక్కడ వెయ్యాలో తెలియక పళ్ళెంలో పెట్టి ఇది రాస్తున్నాను.

నీ చెల్లెలు