గాసి తాత చెప్పని రోజు

సూపర్‌వైజరు గారికి,

నేను మీ మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఫల్గుణకు అక్కని. హుకుంపేట పైకొండ నుంచి రాస్తున్నాను. మా ఊళ్ళో పనిచేసే వయసు మగవాళ్ళంతా మీ దగ్గరే ఉన్నారు.

కొత్తమామిడి పండగనాడు ఇంటి మగవాడు తొలికాయ దేవతకు పెట్టేదాకా మేమెవరం మామిడికాయ కొరకం. ఆ రోజు ఎప్పుడో మా ఊరికి ముహూర్తాలు పెట్టే దిసారి గాసి తాత చంద్రుణ్ణి చూసి చెప్పేవాడు. ఈసారి అడిగితే, "నన్నేటి అడుగుతారు? సెలవెప్పుడిత్తాడో ఆ కంపెనీ బాబునే అడగండి" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. అందరికీ ఒకే రోజు సెలవు ఎప్పుడిస్తారు? ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇస్తే పండగ అవదు.

బేగి తెలియజేయండి. గాలికి కాయలు రాలిపోతున్నాయి. పిల్లలు వాటిని తొక్కకుండా దాటుకుని ఊటనీళ్ళకు వెళుతున్నారు. ఒక్కరూ వంగి తీయడం లేదు.