కాలర్లో మరిచిన సూది

తమ్ముడికి,

నాన్న రెండు ముద్దలు తింటున్నారు, నేను బాగానే ఉన్నాను.

నిన్న మళ్లీ స్కాన్ తీశారు. ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదంటే నాన్న వాచీ, బెల్టు తీసిచ్చారు గానీ, దర్జీ అలవాటు కొద్దీ చొక్కా కాలర్లో గుచ్చుకున్న సూది మరిచిపోయారు. బొమ్మ పాడై మళ్లీ తీయాల్సి వచ్చింది. ఒకటికి రెండుసార్లు కిరణాలు పడ్డాయని నేను స్కాన్ తీసినతని మీద విరుచుకుపడి, నాన్నతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ డాక్టరు సంగతి నీకు తెలుసుగా. పోయినేడు నువ్వు నీ తలనొప్పికి స్కాన్ రాయమంటే, "అడగ్గానే ఇవ్వడానికి ఇదేమన్నా పిప్పరమెంటా? హాని కన్నా మేలు ఎక్కువనిపిస్తేనే రాస్తా" అని కసిరారు. అలాంటి మనిషి ఈసారి నెమ్మదిగా, "ఆ హాని బయటపడాలంటే ఏళ్లు పడుతుందమ్మా. నాన్నగారికి ఇక ఆ లెక్క అక్కర్లేదు" అన్నారు.

నాన్న ముఖం వెలిగిపోయింది. "విన్నావా, భయం లేదన్నారు. పాపం, అతన్ని ఊరికే తిట్టావు" అన్నారు. అవునన్నాను.

షాపులోకి వాననీళ్లు వస్తున్నాయా? గుమ్మానికి గోనెపట్టా అడ్డం వెయ్యి. పెళ్లిళ్ల రోజులకల్లా వచ్చేస్తానని, వచ్చిన బట్టలన్నీ ఒప్పుకోమని నాన్న రాయమన్నారు. రాశాను. నువ్వు ఒప్పుకోకు. కత్తెర పడని గుడ్డలు ఎవరివి వాళ్లకి ఇచ్చేసి, అమ్మని తీసుకుని వెంటనే బయల్దేరు. మెత్తటి పాత దుప్పటి ఒకటి తెండి.

నీకూ మరదలికీ ఆశీస్సులు. అమ్మకి ఈ కార్డు చదివి వినిపించేటప్పుడు, భయం లేదన్నారని నాన్న అన్న దగ్గర ఆపెయ్.

అక్క