నడిమింటి అవ్వ

చిట్యాల దగ్గర మన ఊరు,
1948, వైశాఖం

తమ్ముడు వెంకన్నకు,

పక్కింటి అక్క యాకమ్మ ఏడ్చుకుంటూ రాస్తున్నది. రాత్రిబడిలో నువ్వు నేర్పిన అక్షరాలతో ఇది రాయాల్సి వస్తుందని అనుకోలేదు. రజాకార్లు పెట్టిన మంటల్లో నిన్ను కన్న మీ అవ్వ పోయిందని నీకు కబురు అందే ఉంటుంది. ఎట్లా పోయిందో నేను చెప్తాను.

దూరాన దుమ్ము లేచి బురుజు మీద డప్పు మోగితే ఊరంతా గుట్టకు ఉరకాలని సంఘం కట్టుబాటు కదా. మా ఇళ్ళ నడిమింట్లో కాళ్ళు పడిపోయి ఉన్న మీ అవ్వను ఇరుగుపొరుగువాళ్ళం ఎవరో ఒకరం ఎత్తుకొని పోవాలి. మొదటిసారి పాపయ్య మోశాడు. తీరా చూస్తే ఆ దుమ్ము పెండ్లి బండ్లది. రెండోసారి రాజమల్లు మోశాడు. అదీ ఉత్తదే. "నన్ను మూటలెక్క మోస్తున్నర్రా, మీ కడుపు సల్లగుండ!" అని అవ్వ ఒకటే నవ్వు.

మూడోసారి నిజంగానే వచ్చారు. నేను మీ గడప ముందు నుంచే పోయాను. "యాకమ్మా, గీసారి ఎవలొస్తున్నరే?" అని అవ్వ లోపలి నుంచి అడిగింది. "పాపయ్య వస్తుండవ్వా" అన్నాను. పాపయ్య వస్తాడని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నా చంకలో మేకపిల్ల ఉంది తమ్ముడా. దాన్ని దించి అవ్వను ఎత్తుకుంటే అయిపోయేది. గుట్ట ఎక్కాక "అవ్వ ఏది?" అని ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. అప్పటికే మీ ఇంటి మీద పొగ లేచింది.

మేకపిల్ల బతికింది. దాన్ని చూస్తే నాకు బువ్వ సయించడం లేదు. నన్ను తిట్టు, కొట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

పాపిష్టిది,
యాకమ్మ

*

ఘనపూర్ అడవి

అక్కా,

"అవ్వ నా వల్లనే పాయె" అని పాపయ్య చెప్పి పంపాడు. రాజమల్లు కూడా అదే మాట చెప్పి పంపాడు. ఇప్పుడు నువ్వు. ముగ్గురూ ఎవరింట్లో వాళ్ళు ఏడుస్తున్నట్టున్నారు. జర ఒక్కచోట కూర్చోండి. ఊళ్ళో నడవలేనివాళ్ళు ఇంకా ఎవరున్నారో చూసి, ఎవరిని ఎవరు మోయాలో పేరు పెట్టి చెప్పుకోండి. ఎవరో ఒకరు మోయాలని సంఘంలో కట్టుబాటు పెట్టించింది నేనే. తప్పు అక్కడే చేశాను.

నిన్ను తిట్టే నోరు నాకు లేదు. ఆ పొద్దు మా దళం గుట్ట అవతలి వాగులోనే ఉంది. డప్పు నాకూ వినబడింది. "ఉరుకు వెంకన్నా, మీ అవ్వను తెచ్చుకో" అన్నాడు మా దళంలోని దేవ్యా. "ఊరంత ఉన్నది, ఎవలో ఒకలు తెస్తరు తియ్" అన్నాను. చేతిలోని జొన్నరొట్టె తినడం కూడా ఆపలేదు అక్కా.

నీ తమ్ముడు,
వెంకన్న