అర లీటరు నీళ్ళు

మంగళవారం, వేలూరు నర్సింగు హాస్టల్

ఈ పొద్దు తొమ్మిదో బెడ్డు తాతను ఐసీయూకి తీసకపోయినారు. కిడ్నీలు, గుండె రెండూ దెబ్బతిన్న మనిషి. రోజుకు అర లీటరుకు మించి నీళ్ళు ఇయ్యొద్దని ఆయన పెండ్లానికి, ఆ అవ్వకు, చెప్పింది నేనే. లత్తేరి ఊరోళ్ళు, ఇంట్లో తెలుగే, అందుకని మా క్లినికల్ మేడం నన్ను చెప్పమనింది. కొలిచే గ్లాసు చేతికిచ్చి మరీ చూపించినా. నా రికార్డు బుక్కులో మేడం 'బాగా నేర్పింది' అని రాసి సంతకం పెట్టింది.

పొద్దున తాతకు ఊపిరాడలేదు. కాళ్ళు, మొహం ఉబ్బిపోయినాయి. "ఏమిచ్చినావు అవ్వా?" అంటే, "నువ్వు చెప్పినట్టే అమ్మా, నీళ్ళు అర లీటరే. దాహమంటే మజ్జిగ పోసినా, లేత టెంకాయ ఎలనీరు తాపినా" అనింది.

గుడియాత్తంలో మా ఇంట్లో మాత్రం మజ్జిగను నీళ్ళ కింద ఎవరు లెక్కపెడతారు? మేడంకు తట్టకపోవచ్చు, నాకు తట్టాల కదా. తాగేదంతా లెక్కే అవ్వా అని ఒక్క మాట అనుంటే... ఎలనీరులో పొటాషియం ఎక్కువ, ఆ కిడ్నీలకు విషం. అది పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా.

మేడంతో చెప్పినా. "ఇకమీద జాగ్రత్త" అనింది, అంతే. అవ్వకు చెప్పే ధైర్యం రాలేదు. ఇట్లాంటి దాన్ని, నేను ఎవురిని కాపాడతా?

సాయంత్రం డ్యూటీ దిగి వస్తా ఉంటే అవ్వ ఐసీయూ బయట నేల మీద కూర్చోని ఉండాది. చేతిలో నేనిచ్చిన గ్లాసు, కడిగి పెట్టుకోనుండాది. నన్ను చూసి లేచి అడిగింది.

"రేపు ఎన్ని నీళ్ళు పోయాల అమ్మా?"