వాగు పక్క గడ్డిపొలం గురించి

నేను, డెబ్భై ఎనిమిదేళ్ల పాడి రైతును, తెలివి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మతి బాగానే ఉందని పశువుల డాక్టరు చెప్పాడు. మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. నా తర్వాత దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా పశువుల డాక్టరుదే.

1. షెడ్డు, అందులోని ఆవులు, పాలు పితికే మిషన్లు, పాలు చల్లబరిచే ట్యాంకు సర్వహక్కులతో నా కొడుక్కి చెందుతాయి. పాల కంపెనీతో ఒప్పందం వాడిదే. రేటు పెంచమంటే ఆవుల్ని పెంచమంటారు. ఆవుల్ని పెంచితే వాగు పాడవకుండా చూసుకోమంటారు. రెండూ చెప్పేది ఒకే ఆఫీసరు, ఒకే కుర్చీలో కూర్చుని. వాడు మాత్రం ఏం చేస్తాడు.

2. ఇల్లు ఇద్దరు పిల్లలకూ సమానం. నా భార్య కుట్టుమిషను కోడలికి. అడగడానికి మొహమాటపడుతోంది. ఆ జబ్బు ఈ ఇంట్లో నాకొక్కడికే ఉందనుకున్నాను.

3. వాగు పక్క గడ్డిపొలం నా కూతురికి. అందులో రెండో షెడ్డు కట్టాలని కొడుకు అనుకుంటున్నాడు కనుక కారణం రాస్తున్నాను.

కంపెనీ పాల ప్యాకెట్ మీద కనిపించే పచ్చిక ఇదే. ఫోటో కోసం షెడ్డులోని ఆవుల్ని ఇక్కడికి తోలుకొచ్చాం. అవి పుట్టాక గడ్డిలో అడుగు పెట్టలేదు. మోకాలెత్తు గడ్డిలో నిలబడి దాణా బకెట్ కోసం చూశాయి. కంపెనీ వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. వట్టిపోయిన ముసలి ఆవు ఒక్కటే తల దించి మేసింది. ప్యాకెట్ మీద ఉన్నది అదే.

తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర కొడుకు అన్నాడు: "ఫోటో ఎలాగూ తీసేసుకున్నారు కదా నాన్నా, ఇంకా ఆ గడ్డెందుకు?" చెయ్యి కడుక్కుని లేచాను.

జవాబు ఇది. షెడ్డు కడిగిన పేడనీళ్లు ఆ గడ్డిలో ఇంకి, మిగిలినవి వాగులో కలుస్తాయి. గడ్డి ఉండగానే దిగువన కూతురి బావిలో నీళ్లు వాసన కొడుతున్నాయి. కంపెనీ ట్యాంకరు నడిపేది ఆ పిల్లే. పాలు దించి వస్తూ డబ్బాల్లో మంచినీళ్లు తెచ్చుకుంటుంది. నాతో ఒక్కనాడూ అనలేదు. గడ్డి తీసేస్తే వాసనతోనే ఆగిపోదు.

4. ముసలి ఆవు కూడా కూతురికే. పాలివ్వని ఆవును షెడ్డులో ఉంచొద్దని కంపెనీ వాళ్లు రెండుసార్లు చెప్పి వెళ్లారు. రెండుసార్లూ నాకు వినపడలేదు.

5. నేను పోయిన రోజు కూడా పాలు టైముకు పంపండి. పొదుగు ఆగదు.

6. ఈ వీలునామా నచ్చకపోతే కొడుకు కోర్టుకు వెళ్లనక్కర్లేదు. చెల్లెలి ఇంటికి వెళ్లి, ఆ బావి నీళ్లు ఒక గ్లాసు, డాక్టరు ఎదుట తాగాలి. అడుగు దాకా తాగితే గడ్డిపొలం వాడిదే, షెడ్డు కట్టుకోవచ్చు. గ్లాసు మాత్రం చెల్లెలే అందించాలి.

తేదీ: ఫిబ్రవరి పదకొండు

సంతకం: పాడి రైతు

సాక్షులు:
పాల కేంద్రం గుమస్తా
ట్యాంకర్ల మెకానిక్కు